నిప్పు తప్పు చేయదు

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక పెద్దాయన, కొద్ది రోజుల తేడాతో విజయవాడలో ఒక ఇంటి యజమాని ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండిళ్ళలోనూ జరిగింది ఒకటే. ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ రాత్రివేళ పేలింది. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ పై అంతస్తులను కమ్మేసి ఎనిమిది మంది చనిపోయారు. ప్రతిసారీ నా చుట్టూ రెండు మాటలు విన్నాను. "లిథియం అంటేనే నిప్పు, దాని గుణమే అంత" అన్నది ఒకటి. "వాళ్ళకు అలా రాసిపెట్టి ఉంది" అన్నది రెండోది. మొదటి మాట తప్పును పదార్థం మీద వేస్తుంది. రెండో మాట విధి మీద వేస్తుంది. రెండింట్లోనూ మనిషి కనిపించడు.

ఈ రెండు మాటలూ తప్పేనని నా నమ్మకం. అందుకు ఆధారం సగం నా పనిబల్ల మీద దొరికింది, సగం మా ఇంటి అరుగు మీద. హైదరాబాద్‌లో లిథియం అయాన్ సెల్లుల వేడిని కొలవడం నా ఉద్యోగం. సెల్లుకు థర్మోకపుల్ తీగలు అంటించి, ఛార్జి చేసి, డిశ్చార్జి చేసి, ఎక్కడ ఎంత వేడెక్కుతోందో రాసుకుంటాను. మా నాన్నగారు కొవ్వూరులో తర్కం చదువుకున్నవారు. ఎన్నో ఏళ్ళు పిల్లలకు తర్కసంగ్రహం పాఠం చెప్పారు. ఆ చిన్న పుస్తకం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. న్యాయ, వైశేషిక దర్శనాల్లోకి అడుగుపెట్టేవాళ్ళు దేశంలో ఎక్కడైనా సాధారణంగా ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు. ఇంజనీరింగులో చేరకముందు, ఒక వేసవిలో నేనూ నాన్నగారి దగ్గర అది చదివాను. సెల్లు ఎందుకు కాలుతుందో చెప్పడానికి నా ఇంజనీరింగు చాలు. అది కాలినప్పుడు దోషం ఎవరిదో తేల్చడానికి మాత్రం నాకు ఆ పుస్తకమే దారి చూపింది.

ద్రవ్యాలను వరుసగా చెబుతూ అగ్నితత్త్వమైన తేజస్సు దగ్గరికి వచ్చేసరికి ఆ పుస్తకం దానికి లక్షణంగా వేడి స్పర్శను చెబుతుంది. నీటికి చల్లదనం ఎలాగో తేజస్సుకు వేడి అలాగ. అది దాని గుణం. గుణాన్ని పట్టుకుని దోషమనడానికి వీల్లేదు. "నిప్పు కాల్చింది అన్నది సగం మాటే అమ్మాయ్. ఎవరు తెచ్చి ఎక్కడ పెట్టారో కూడా చెబితేనే మాట పూర్తవుతుంది" అనేవారు నాన్నగారు. నా వృత్తి మొత్తం ఆ రెండో సగాన్ని వెతకడమే అని తర్వాత తెలిసింది.

ముందు సెల్లులో వేడి ఎక్కణ్ణుంచి పుడుతుందో చూద్దాం. సన్నని అల్యూమినియం రేకు మీద కాథోడు పూత, అంతకన్నా సన్నని రాగి రేకు మీద గ్రాఫైటు పూత, రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో 10 నుంచి 25 మైక్రాన్ల మందం ఉండే ప్లాస్టిక్ పొర. దాన్ని సెపరేటరు అంటాం. ఈ పొరలను కలిపి చుట్టగా చుట్టో, మడతలుగా పేర్చో డబ్బాలో పెట్టి, మండే గుణమున్న కర్బన ద్రావకాలలో లిథియం లవణం కరిగించి పోస్తారు. బండి నడిచేటప్పుడు లిథియం అయాన్లు ఆ ద్రవం గుండా ఈ పూత నుంచి ఆ పూతకు వెళతాయి. ఎలక్ట్రాన్లు రేకుల గుండా, బయటి తీగ గుండా మోటారు తిప్పుతూ వెళతాయి. రెండు దారుల్లోనూ అడ్డు ఉంటుంది. ఆ అడ్డును దాటడానికి ఖర్చయిన శక్తి వేడి అవుతుంది. కరెంటు రెండింతలైతే ఈ వేడి నాలుగింతలవుతుంది. ఎక్కువ మంది ఎక్కిన బండి ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు బ్యాటరీ ఎందుకంత తొందరగా వేడెక్కుతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇది ఒక రకం వేడి. ఒకసారి పోయిందంటే తిరిగి రాదు. మరో రకం కూడా ఉంది. లిథియం ఒక స్ఫటికంలోంచి బయటికి వచ్చి ఇంకో స్ఫటికంలో సర్దుకునేటప్పుడు లోపలి క్రమం మారుతుంది. ఆ మార్పు వల్ల కొంత వేడి పుడుతుంది, కొన్ని దశల్లో కొంత వేడి తిరిగి లోపలికి పోతుంది కూడా. నేను మొదటిసారి నెమ్మదిగా ఛార్జి చేస్తూ ఒక సెల్లు ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గడం చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. వేడి అంటే ఎప్పుడూ నష్టమే కానక్కర్లేదు. ఈ రెండు వేడులనూ కలిపి లెక్కకట్టే సమీకరణాన్ని 1985లో బెర్నార్డీ, పావ్లికోవ్‌స్కీ, న్యూమన్ అనే ముగ్గురు ప్రచురించారు. ఈనాటికీ బ్యాటరీ ప్రయోగశాలల్లో వేడి లెక్క సాధారణంగా దానితోనే మొదలవుతుంది.

ఆ సమీకరణాన్ని ఎంత తిప్పినా, పని జరుగుతున్నప్పుడు మొదటి రకం వేడి సున్నా కాదు. వేడి లేని బ్యాటరీ చేశామని ఎవరైనా అంటే నమ్మకండి. గీత 18వ అధ్యాయంలో కూడా ఈ మాటే ఇంకో విధంగా ఉంది. ఏ కొంచెం దోషమూ అంటని పని లోకంలో లేదని, అందుకని చేయవలసిన పనిని వదులుకోకూడదని అక్కడ చెప్పారు. దానికి ఇచ్చిన పోలిక కూడా నిప్పూ పొగా. వేడిని చూసి బ్యాటరీ వద్దనడం తగదు. పెట్రోలు పొగ మింగుతున్న మన ఊళ్ళకు, సూర్యుడి కరెంటు రాత్రికి దాచుకోవలసిన మన ఇళ్ళకు ఇది కావాలి. కాబట్టి వేడి ఉంటుందా ఉండదా అన్నది ప్రశ్న కాదు. పుట్టిన వేడికి మనం ఏ దారి ఇచ్చాం అన్నదే ప్రశ్న.

ఇక్కడ న్యాయదర్శనం నాకు గొప్ప సహాయం చేసింది. ఏ కార్యానికైనా మూడు రకాల కారణాలుంటాయని ఆ దర్శనం అంటుంది. బట్టకు దారాలు సమవాయి కారణం, అంటే బట్ట దేనిలో నెలకొని ఉందో అది. నేసేవాడు, మగ్గం, కండె నిమిత్త కారణాలు. ఈ రెండింటి మధ్య మనం సులువుగా మరిచిపోయేది ఇంకొకటి ఉంది. దారాల కూడిక. దాన్ని అసమవాయి కారణం అన్నారు. అవే దారాలు, ఆ నేతగాడే, ఆ మగ్గమే. కూడిక లేకపోతే అది నూలు కుప్పే తప్ప బట్ట కాదు. కూడిక మారితే బట్ట మారుతుంది. కూడిక చెడితే బట్ట చిరుగుతుంది. వస్తువుకు, చేసేవాడికి నడుమ అమరిక అనేదానికి కారణంగా ఒక స్థానం ఇచ్చిన ఆ చూపు నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

సెల్లును ఈ చూపుతో చూడండి. 18650 అనే సెల్లు మన స్కూటర్లలో, పాత ల్యాప్‌టాపుల్లో కనిపించేదే. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. లోపలి చుట్ట విప్పితే రేకు అర మీటరుకు పైగా సాగుతుంది. పాత పద్ధతిలో ఆ రేకుకు ఒకచోట ఒక ట్యాబు వెల్డింగు చేస్తారు. రేకు ఆ కొసన ఉన్న ఎలక్ట్రాను రేకు పొడవునా ప్రయాణించి ఆ ఒక్క ట్యాబు దగ్గరికే చేరాలి. దారి పొడవునా వేడి, ట్యాబు దగ్గర రద్దీ వల్ల ఇంకా వేడి. 2020 సెప్టెంబరులో టెస్లా ప్రకటించిన 4680 సెల్లులో విడి ట్యాబు తీసేసి, రేకు అంచు మొత్తాన్ని కొసన ఉన్న పలకకు కలిపేశారు. ఇప్పుడు ఎలక్ట్రాను రేకు పొడవునా తిరగనక్కర్లేదు, సెల్లు ఎత్తు దాటితే చాలు. పదార్థం పేరు మారలేదు. ప్రయాణించే దూరం మారింది.

పల్చని సంచీలాంటి పౌచ్ సెల్లుల్లో ఇది కంటికి కనిపిస్తుంది. రెండు ట్యాబులూ ఒకే వైపు ఉన్న సెల్లులోంచి గట్టిగా కరెంటు తీస్తూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో చూస్తే ఆ వైపు ముందుగా ఎర్రబారుతుంది, రెండో కొస ఇంకా నీలంగానే ఉంటుంది. ట్యాబులను ఎదురెదురు కొసలకు మార్చి, వెడల్పు చేస్తే ఆ తేడా తగ్గుతుంది. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు నేను మొదట చూపించేది ఇదే.

పూత మందం సంగతి చూడండి. రేకు మీద పూత మందంగా వేస్తే ఒకే డబ్బాలో ఎక్కువ శక్తి పడుతుంది, రేకు ఖర్చు తగ్గుతుంది, బండి ఎక్కువ దూరం పోతుంది. అయితే అయాన్లు ఆ మందం లోతుల్లోకి వెళ్ళి రావాలి. అడ్డు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. పల్చగా వేస్తే గట్టి కరెంటు ఇచ్చినా చల్లగా ఉంటుంది, మైలేజి తగ్గుతుంది. రెండూ ఒకేసారి నిండుగా రావు. సెల్లు గీసే ఇంజనీరు ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఆ గీత ఎక్కడ పడిందన్నది ధర్మానికి సంబంధించిన విషయమని నేను అంటాను. కాగితం మీద అది మైక్రాన్ల సంఖ్యగా కనిపిస్తుంది. అసలు ప్రశ్న, కొనేవాడి మైలేజికి ఎంత విలువ ఇచ్చాం, అతని పిల్లలు పడుకున్న గదికి ఎంత విలువ ఇచ్చాం అన్నది.

సెల్లు పరిమాణం కూడా అంతే. వేడి సెల్లు ఒళ్ళంతటా పుడుతుంది, చర్మం మీదుగానే బయటికి పోతుంది. 18 మిల్లీమీటర్ల వ్యాసాన్ని 4680 సెల్లులోలాగా 46 మిల్లీమీటర్లు చేస్తే, ఒకే ఎత్తుకు లోపలి ఘనపరిమాణం ఆరున్నర రెట్లవుతుంది. చుట్టూ ఉన్న ఉపరితలం రెండున్నర రెట్లే పెరుగుతుంది. పుట్టేది ఎక్కువ, పోయేదారి తక్కువ. అందుకే లావు సెల్లుకు ట్యాబు లేని అమరిక అంతగా అవసరమైంది. బీవైడీ 2020 మార్చిలో బయటపెట్టిన బ్లేడ్ సెల్లు ఇదే సమస్యకు ఇంకో సమాధానం. సుమారు 96 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు, మందం మాత్రం ఒకటిన్నర సెంటీమీటరు లోపే. ఎక్కడ పుట్టిన వేడైనా కొద్ది దూరంలోనే బయటి గోడను చేరుతుంది.

నాన్నగారు చెప్పిన పాఠాల్లో నాకు బాగా నచ్చిన వాదం పచ్చి కుండ గురించి. ఆవంలో పెట్టిన నల్లని కుండ ఎర్రగా ఎలా మారుతుంది? వేడికి కుండ పరమాణువులదాకా విడిపోయి, ఆ పరమాణువుల్లో రంగు మారి, అవి మళ్ళీ కుండగా కూడతాయని వైశేషికులన్నారు. దాన్ని పీలుపాకం అంటారు. అక్కర్లేదు, కుండ కుండగానే ఉండగా సందుల్లోంచి తేజస్సు లోపలికి దూరి మొత్తం కుండను ఒక్కసారే మారుస్తుందని నైయాయికులన్నారు. అది పిఠరపాకం. ఎవరు నెగ్గారన్నది అలా ఉంచితే, వాళ్ళు వేసుకున్న ప్రశ్న గొప్పది. పైన చూసిన వేడి, లోపల జరిగిన వేడి ఒకటేనా? మొత్తానికి జరిగినది ప్రతి భాగానికీ ఒకేలా జరిగిందా?

సెల్లులో ఒకేలా జరగదు. రేకుల వెంబడి వేడి సులువుగా పరుగెడుతుంది. పొరల్ని అడ్డంగా దాటాలంటే మాత్రం ప్లాస్టిక్కు, పూత, ద్రవం అన్నీ అడ్డుపడతాయి. ఈ రెండు దిక్కుల వేడి ప్రసారానికి పదుల రెట్ల తేడా ఉంటుంది. గోదావరి జిల్లాల్లో కోతలప్పుడు తడిసిన ధాన్యం కుప్ప వేస్తే పైన చల్లగానే ఉంటుంది, చెయ్యి లోపలికి పెడితే మధ్య భాగం కాలుతుంది. రైతు ధాన్యాన్ని మార్చడు, కుప్ప విప్పి పల్చగా ఆరబోస్తాడు. సెల్లు మధ్యభాగం కూడా అలాంటిదే. పైన అంటించిన నా థర్మోకపుల్ చూపే అంకె లోపలి నిజం కన్నా ఎప్పుడూ తక్కువే.

ఆ తేడా తెచ్చే కష్టం ఇంకొకటి ఉంది. వేడెక్కిన పొరలో అడ్డు తగ్గుతుంది కాబట్టి కరెంటు ఆ పొరలోంచే ఎక్కువగా పోతుంది. ఎక్కువ పోయేకొద్దీ ఇంకా వేడెక్కి, తొందరగా ముసలిదవుతుంది. చల్లని పొర తన వంతు పని చేయకుండా మిగులుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక పరీక్ష ప్రచురించారు. ఒకే రకం పౌచ్ సెల్లులను కొన్నింటిని పై ముఖం నుంచి, కొన్నింటిని ట్యాబుల నుంచి చల్లబరిచారు. వెయ్యి సైకిళ్ళు తిప్పి చూస్తే, ముఖం నుంచి చల్లబరిచినవి మూడింతలు వేగంగా సామర్థ్యం పోగొట్టుకున్నాయి. చల్లదనం తక్కువై కాదు, అది పొరలకు సమంగా అందక. కుటుంబంలోనైనా, కర్మాగారంలోనైనా భారమంతా కొందరి మీదే పడితే ఏమవుతుందో ఈ ఫలితం చదివిన రోజున నాకు కొత్తగా అర్థమైంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. అమరికే అంతా అయితే పదార్థానికి స్వభావమే లేదా? ఉంది. 1970ల్లో శాస్త్రవేత్త స్టాన్లీ విట్టింగ్‌హామ్ లోహ లిథియంతో చేసిన బ్యాటరీలు నిజంగానే అంటుకునేవి. నికెల్, కోబాల్టు ఉన్న కాథోడులు బాగా వేడెక్కితే తమలోని ఆక్సిజన్ను వదులుతాయి, మంటకు గాలి లోపలే దొరుకుతుంది. 1997లో జాన్ గుడెనఫ్ బృందం ప్రచురించిన ఐరన్ ఫాస్ఫేటు కాథోడు ఆక్సిజన్ను ఫాస్ఫరసుతో గట్టిగా బంధించి ఉంచుతుంది, అంత సులువుగా వదలదు. ఆ బృందంలో అక్షయ పాఢి అనే భారతీయుడు కూడా ఉన్నాడు. ఈ తేడాలు నిజమైనవి.

అయినా ఇవి కూడా నా మాటనే బలపరుస్తున్నాయి. అకిరా యోషినో అనే శాస్త్రవేత్త 1980ల్లో తన కొత్త సెల్లును పేలుడు పదార్థాలు పరీక్షించే చోటికి తీసుకెళ్ళి, పైనుంచి పెద్ద ఇనప దిమ్మె వేశాడు. ఏమీ జరగలేదు. లోహ లిథియం ఉన్న సెల్లు మీద అదే దిమ్మె వేస్తే భయంకరంగా పేలింది. రెండింట్లోనూ ఉన్నది లిథియమే. ఒకదాంట్లో అది ముద్దగా ఉంది, రెండోదాంట్లో కార్బను పొరల మధ్య ఒద్దికగా సర్దుకుని ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ పుట్టింది ఆ క్షణంలోనేనని యోషినో తర్వాత చెప్పుకున్నాడు. ఐరన్ ఫాస్ఫేటు గొప్పదనం కూడా పరమాణువుల కూడికలోనే ఉంది. ఆక్సిజను ఎవరితో జతకట్టిందన్నదే అక్కడ తేడా. విట్టింగ్‌హామ్, గుడెనఫ్, యోషినో ముగ్గురికీ కలిపి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి 97 ఏళ్ళున్న గుడెనఫ్ భక్తిపరుడైన క్రైస్తవుడు. తన విశ్వాసం గురించి పుస్తకం కూడా రాశాడు. దేవుణ్ణి నమ్మేవాడికి పదార్థాన్ని శ్రద్ధగా అమర్చడం పరాయి పని కాదని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

అమరిక బలానికి ఇంకో ఉదాహరణ ఉంది. 2013 జనవరిలో బోయింగ్ 787 విమానాల్లో రెండు చోట్ల బ్యాటరీలు కాలి, ప్రపంచమంతటా ఆ విమానాలను నేల మీద నిలిపేశారు. ఎనిమిది సెల్లుల బ్యాటరీలో ఒక సెల్లు వేడి పక్క సెల్లులకు పాకింది. మళ్ళీ ఎగరడానికి వాళ్ళు రసాయనం మార్చలేదు. సెల్లుల మధ్య వేడి పాకకుండా అడ్డు పెట్టారు, ఛార్జింగు హద్దులు తగ్గించారు, మొత్తాన్ని ఉక్కు పెట్టెలో పెట్టి ఆవిరులు విమానం బయటికి పోయే గొట్టం వేశారు. ఆ ఏప్రిల్‌కే విమానాలు మళ్ళీ ఎగిరాయి.

ఇదంతా చెప్పినప్పుడు నాన్నగారు ఒక ప్రశ్న వేశారు. "కూడిక జడం కదమ్మా. కారణం వేరు, బాధ్యత వేరు. జడానికి బాధ్యత ఎలా వస్తుంది? అది చేతనుడికే." నిజమే. అమరిక తనంతట తాను రాదు. అమరిక దాకా వెళితే అమర్చినవాడు కనిపిస్తాడు. అక్కడే "అలా రాసిపెట్టి ఉంది" అన్న మాటకు జవాబు దొరుకుతుంది.

ఏ పని జరగడానికైనా ఐదు కావాలని గీత అదే 18వ అధ్యాయంలో లెక్కపెడుతుంది. పని జరిగే చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. దైవాన్ని అక్కడ కాదనలేదు. నేనూ కాదనను. కాని ఆ వరుస చూడండి. మొదటి నాలుగూ లెక్కలోకి వచ్చాకే ఐదోది వచ్చింది. మనం మాత్రం ఒక ఇల్లు కాలగానే నేరుగా ఐదోదాని దగ్గరికి పోతున్నాం. చోటు ఏది? గాలి ఆడని పడకగది. చేసినవాడెవడు? సెల్లుల మధ్య ఎడం లేకుండా అతికించినవాడు. సాధనం ఏది? ఆ బ్యాటరీకి సంబంధం లేని ఛార్జరు. ప్రయత్నాలేమిటి? ఉష్ణోగ్రత చూసి కరెంటు ఆపవలసిన బీఎంఎస్ అనే నియంత్రణ వలయం పని చేసిందా? ఈ నాలుగూ అడగకుండా దైవం పేరెత్తడం భక్తి కాదు. చేసినవాణ్ణి దైవం వెనక దాచడం. కర్మ సిద్ధాంతం చెప్పేది ఎవరు చేసినది వాళ్ళకే చెందుతుందని. ఒకరు డబ్బు మిగుల్చుకోవడానికి తగ్గించిన రెండు మిల్లీమీటర్ల ఎడానికి ఫలం ఇంకొకరి బిడ్డ అనుభవిస్తే, దాన్ని ఆ బిడ్డ కర్మ అనడం ఆ సిద్ధాంతాన్నే తలకిందులు చేయడం.

ఒకప్పుడు మా యూనిట్‌కు ఒక కొనుగోలుదారు వచ్చాడు. సెల్లుల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ హోల్డర్లు తీసేసి, సెల్లుల్ని ఒకదానికొకటి ఆనించి జిగురుతో అంటిస్తే అదే పెట్టెలో ఇంకో వరుస పడుతుందని, బండి ఇంకొంత దూరం పోతుందని అన్నాడు. ఒక సెల్లు చెడితే పక్కదాన్ని ఆపేది ఆ కాస్త ఎడమేనని మా యజమాని చెప్పి చూశారు. వినకపోతే ఆర్డరు వదులుకున్నారు. ఆ మనిషి ఇంకెక్కడో చేయించుకునే ఉంటాడు. ఆ బండ్లు మన వీధుల్లోనే తిరుగుతూ ఉంటాయి. హైదరాబాద్ మే నెల ఎండలో, 42 డిగ్రీల్లో, రేకుల షెడ్డు కింద నిలబెట్టి ఉంటాయి.

2022 ప్రమాదాల తర్వాత కేంద్రం విద్యుత్ బండ్ల బ్యాటరీ భద్రతకు చెందిన ఏఐఎస్-156 ప్రమాణాలను కఠినం చేసింది. అవి 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. సెల్లుల మధ్య తగినంత ఎడం ఉండాలి, ఒత్తిడి పెరిగితే ఆవిరి పోయే మార్గం ఉండాలి, వేడి హద్దు దాటితే ముందుగా శబ్దంతో, వెలుగుతో హెచ్చరించాలి, సెల్లు ఎప్పుడు తయారైందో జాడ తెలియాలి. ఇవి చదివినప్పుడు నాకు చట్టం చదివినట్టు అనిపించలేదు. చోటు, కర్త, సాధనం, ప్రయత్నం అనే నాలుగింటినీ ఎవరో శ్రద్ధగా మళ్ళీ రాసినట్టు అనిపించింది.

నిప్పుకు కొలత అవసరమని మన సంప్రదాయానికి తెలియని సంగతి కాదు. యజ్ఞవేదికి ఇటుక ఎంత ఉండాలో, ఎన్ని వరుసలు పేర్చాలో శుల్బసూత్రాలు తాడుతో కొలిచి చెప్పాయి. గద్ద ఆకారపు చితికి వరుసకు 200 చొప్పున ఐదు వరుసలు, వెయ్యి ఇటుకలు. తెలుగునాట ఎక్కువమంది వైదికులు అనుసరించే ఆపస్తంబుడి పేర కూడా ఒక శుల్బసూత్రం ఉంది. అగ్నిని దేవుడన్నవాళ్ళే ఆ అగ్నికి చోటు కొలవకుండా కార్యం మొదలుపెట్టలేదు. పూజించడానికీ, కొలవడానికీ మధ్య వాళ్ళకు విరోధం కనిపించలేదు. నాకూ కనిపించదు. ట్యాబు వెల్డింగును సూక్ష్మదర్శిని కింద చూసే మా పిల్ల ఇంజనీరు చేస్తున్నది కూడా అలాంటి పనేనని నేను నమ్ముతాను.

కాబట్టి నా తీర్పు ఇది. వేడి పదార్థపు ధర్మం. ఆ వేడికి దారి ఇవ్వడం మనిషి ధర్మం. మొదటిది ఎన్నడూ తప్పదు. రెండోది తప్పినప్పుడే ఇల్లు కాలుతుంది.

సెల్లు గీసేవాళ్ళకు, ప్యాకు కట్టేవాళ్ళకు నా విన్నపం: మీ పరీక్షను ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర ముగించకండి, మన ఎండలో చేయండి. పైన చూపే అంకెను కాక మధ్యలో ఉన్న వేడిని లెక్కకట్టండి. ఇళ్ళలో వాడేవాళ్ళకు చెప్పేది ఇంకా సులువు. బండి నడిపి వచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టకండి, కాసేపు చల్లారనివ్వండి. బ్యాటరీతో వచ్చిన ఛార్జరే వాడండి. పడుకునే గదిలో, బయటికి పోయే గుమ్మం దగ్గర, మెట్ల కింద ఛార్జి చేయకండి. ఉబ్బిన బ్యాటరీని ఒక్క రోజు కూడా వాడకండి. ఏ సెల్లులు వేశారో చెప్పనివాడి చేత ప్యాకు కట్టించకండి. కొనే ముందు బండి ఎంత దూరం పోతుందని అడుగుతాం కదా, లోపలి వేడి ఏ దారిన బయటికి పోతుందో కూడా అడగండి. దానికి జవాబు లేనివాడి దగ్గర కొనకండి.